ముందు ఎవరి గుడారం?

ధ్యాన భాగం: ఆదికాండము 12:1 – 13:4

రేపు తెల్లవారకముందే బయలుదేరుతున్నాం. డల్లాస్ నుంచి అలాస్కా దాకా, సుమారు నాలుగు వేల మైళ్లు. వంట, పడక, స్నానం అన్నీ ఇరవై అయిదు అడుగుల మోటార్‌హోమ్‌లోనే. ఇద్దరం రిటైరయ్యాం, పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్లున్నారు. ఇది మావారు ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటున్న కోరిక. నా కోరిక వేరు. ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా రాత్రి డ్యూటీలు చేసినదాన్ని, ఇకనైనా నా మంచం మీద నేను పడుకోవాలని ఉండేది. వస్తానని ఒప్పుకున్నాను. కానీ ఆ ఒప్పుకోలు మనసు లోపలిదాకా దిగడానికి చాలా రోజులు పట్టింది.

అందుకే ఈ మధ్య అబ్రాము భార్య శారయి నన్ను వదలడం లేదు. దేవుడు పిలిచింది అబ్రామును. హారాను విడిచేనాటికి ఆయనకు 75 ఏళ్లు, ఆయనకంటే పదేళ్లు చిన్నదైన ఆమెకు 65. పన్నెండో అధ్యాయమంతా వెతికినా దేవుడు ఆమెతో మాట్లాడిన ఒక్క మాట కనిపించదు. ఆమె నోట వచ్చిన మాట కూడా ఒక్కటీ లేదు. ఆయనతో బయలుదేరింది, అంతే.

అంతకుముందే వాళ్లు కల్దీయుల ఊరు అనే పట్టణాన్ని విడిచి హారానుకు వచ్చారు. ఆ పట్టణం పేరే ఊరు. తెలుగులో చదివే మనకు ఆ పేరు గుండెకు తగులుతుంది. మేము వెళ్లే అలాస్కా హైవే మీద, కెనడాలోని యూకాన్‌లో, వాట్సన్ లేక్ అని ఒక చిన్న పట్టణం ఉంది. 1942లో ఆ దారి వేస్తున్నప్పుడు ఇంటిమీద బెంగపెట్టుకున్న ఒక అమెరికన్ సైనికుడు, ఇల్లినాయ్ రాష్ట్రంలోని తన డాన్‌విల్ ఎటువైపు ఉందో చూపిస్తూ అక్కడ ఒక పలక పెట్టాడు. తరువాత వచ్చినవాళ్లు పక్కనే తమ ఊళ్ల పేర్లు కొట్టుకుంటూ పోయారు. ఇప్పుడక్కడ వేలకొద్దీ పలకలు. మేమూ ఒక చెక్క మీద తెలుగులో ‘తెనాలి’ అని రాసి పెట్టుకున్నాం. బెంగపడితే విశ్వాసం తక్కువని కొందరంటారు. నేను ఒప్పుకోను. శారయి వెనక్కి తిరిగి చూసి కళ్లు తుడుచుకుని ఉంటే దేవుడు కోప్పడి ఉండడు.

పోయిన వారం బండిని లారీల తూకం మీదికి ఎక్కించాం. ఇలాంటి బండికి ఇంతకుమించి మోయకూడదని ఒక హద్దు ఉంటుంది, దాటితే టైర్లకూ బ్రేకులకూ ప్రమాదం. గిన్నెల బరువు, దుప్పట్ల బరువు అందరికీ గుర్తుంటుంది. మరిచిపోయేది నీళ్ల బరువు. 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే నీళ్లే దాదాపు 150 కిలోలు. మాది హద్దు దాటింది. ఇంటికొచ్చి సామానంతా దింపాం. ముందు పోయేది అమ్మ రోలే అనుకున్నాను. అల్లం, వెల్లుల్లి దంచుకునే చిన్న రాతి రోలు, అమ్మ పోయాక తెనాలి నుంచి నా ఒడిలో పెట్టుకుని తెచ్చుకున్నది. మావారు ఏమీ అనలేదు. తన పనిముట్ల పెట్టె దింపారు, గాలాలు దింపారు, రెండు అట్టపెట్టెల పుస్తకాలు దింపారు. రోలు జోలికి రాలేదు.

ఆ రాత్రి ఎనిమిదో వచనం దగ్గర ఆగిపోయాను. బేతేలుకూ హాయికీ మధ్య అబ్రాము గుడారం వేసిన సంగతి అందులో ఉంది. హెబ్రీ మూలంలో ‘అతని గుడారం’ అనే మాటను ‘ఆమె గుడారం’ అని కూడా చదవగలిగేలా రాశారట. ఫ్రాన్సులో బతికిన యూదు వ్యాఖ్యాత రషీ (1040–1105) పాత సంప్రదాయాన్ని అనుసరించి దీనికి చెప్పిన అర్థం ఇది: అబ్రాము ముందు భార్యకు గుడారం వేశాడు, తరువాతే తనకు. ఒక్క అక్షరాన్ని పట్టుకుని చెప్పిన మాట, దానిమీద సిద్ధాంతం కట్టలేం. కానీ గరాజు నేలమీద ఆ పనిముట్ల పెట్టెను చూసినదాన్ని గనుక నాకది నమ్మబుద్ధేసింది.

అక్కడితో పుస్తకం మూసేస్తే బాగుండేది. అదే అధ్యాయంలో కరవు వస్తుంది, ఐగుప్తుకు వెళ్తారు. తన ప్రాణానికి భయపడి, తన చెల్లెలినని చెప్పమని అబ్రాము ఆమెను అడుగుతాడు. ఆమెను ఫరో ఇంటికి తీసుకుపోతారు. పిలుపు విన్నవాడే, బలిపీఠాలు కట్టినవాడే భయం వేయగానే భార్యను అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు దేవుడు ఊరుకోలేదు. శారయి కోసం ఫరో ఇంటిమీదికి వేదనలు రప్పించాడు. ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడలేదని ఇందాక అన్నాను. ఆ పరాయి ఇంట్లో ఆమెను తలుచుకున్నవాడు మాత్రం ఆయన ఒక్కడే.

నేర్చుకోవడానికని ఒక శనివారం దగ్గర్లోని క్యాంపు స్థలానికి వెళ్లాం. మసకచీకటి. మావారు బండిని వెనక్కి పెడుతున్నారు, నేను వెనకాల నిలబడి చేతులతో సైగ చేస్తున్నాను. ‘ఆగండి, ఆగండి’ అని అరిచినా ఆయనకు వినపడలేదు. కరెంటు స్తంభానికి జానెడు దూరంలో బండి ఆగింది. దిగీదిగగానే నలుగురూ చూస్తుండగా నామీద కేకలు వేశారు. మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాను. రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఆయనే అన్నారు: “భయమేసి అరిచాను. ఇకమీదట అద్దంలో నువ్వు కనిపించకపోతే బండి ఆపేస్తాను.”

ఐగుప్తులో అబ్రాముకు తన ప్రాణమే కనిపించింది, శారయి కనిపించలేదు. అయినా వాళ్ల ప్రయాణం అక్కడ ఆగిపోలేదు. పదమూడో అధ్యాయంలో మళ్లీ బేతేలు దగ్గరికి, మొదట గుడారం వేసిన చోటికి, అంతకుముందు కట్టిన బలిపీఠం దగ్గరికి వస్తారు. అబ్రాము అక్కడ యెహోవా నామమున ప్రార్థన చేశాడు. దారిపొడవునా ఎక్కడ ఆగినా, చక్రాల కింద దిమ్మెలు పెట్టి బండిని సమంగా నిలిపాక, పొయ్యి వెలిగించకముందే కుటుంబ ప్రార్థన చేసుకోవాలని మేము అనుకున్నాం. ఆ రోజు ఒకరినొకరు నొప్పించుకుని ఉంటే దాన్ని దేవుని ముందు చెప్పుకోవాలని కూడా.

ప్రియ చదువరీ, ఈ రోజు మీరు ఎక్కడికీ బయలుదేరకపోవచ్చు. ఉద్యోగం మారడమో, ఊరు మారడమో, పిల్లల దగ్గరికి వెళ్లిపోవడమో, ఏదో ఒక నిర్ణయం మీ ఇంట్లో నలుగుతూ ఉండవచ్చు. అందులో పిలుపు విన్నది ఒకరైతే మాట్లాడకుండా వెంట నడుస్తున్నది ఇంకొకరు. ఈ రాత్రి ప్రార్థనకు ముందు వాళ్ల పక్కన కూర్చుని, “నీకు దేనికి భయంగా ఉంది?” అని అడగండి. జవాబు వచ్చేదాకా మోకరించకండి.