బలహీనమైన కాలు



మన సంఘములలో తరచుగా ఒక ప్రశ్న పుట్టుచుండును. చక్కగా చదువగలవారు ఉండగా, కూడబలుక్కొని చదువు అమ్మచేత వాక్యము చదివించుట ఎందుకు? ఆరాధనకు ఆటంకము గదా అని కొందరందురు. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు.

నిర్మల్ ప్రాంతపు బడి ఆవరణలలో బంతియాడు పిల్లలను చూడుడి. ఎక్కువమంది కుడికాలితోనే తన్నుదురు. ఎడమవైపునకు బంతి వచ్చిన అవకాశము పోవును.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అను ఉపాధ్యాయుడుండెను. ఆయన తరిఫీదులో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తా ఏషియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకము తెచ్చెను. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టువాడే.

ఆ ఉపాధ్యాయుడు బలహీనమైన కాలితోనే తన్నవలెనను నియమముతో యువకులకు పోటీలు పెట్టెను. అట్టి ఆటలో తప్పులు ఎక్కువే. కాని ఆ తప్పులు లేనిదే ఆ కాలికి బలము రాదు.

ఇందులో మరియొక మర్మము గలదు. ఎడమకాలు తన్నునపుడు కుడికాలు ఊరక యుండదు. దేహభారమంతయు దానిమీదనే నిలుచును. బలముగల కాలికి ఇది అవమానము కాదు, అదియు దాని పనియే. బలవంతులు బలహీనుల భారము మోయవలెనని పౌలు రోమీయులకు వ్రాసినది (రోమా 15:1) ఇట్టి పనిని గూర్చియే గదా. మోయుటయనగా వారికి బదులుగా అన్నియు మనమే చేయుట కాదు. వారు చేయునట్లు మనము స్థిరముగా నిలుచుట.

బలవంతుడు ఎల్లప్పుడు బలవంతుడుగానే యుండునా? జకార్తాలో జట్టు గెలిచిన నాటికే రహీం గారు కాన్సరు వ్యాధిగ్రస్తులు. 1963లో మరణించిరి. నేడు మోయువారము రేపు మోయబడవలసిన వారమే.

కాబట్టి పెద్దలారా, వచ్చు ఆదివారమున ఎన్నడును చదువని ఒకరిని వాక్యము చదువ పిలువుడి. ముందుగా ఇంటికి పోయి వారితో కూర్చుండి చదివించుడి. వారు తడబడిన యెడల నవ్వకుడి, పుస్తకము లాగుకొనకుడి. ప్రక్కన నిలువుడి.

ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.