వేటాడువాని ధర్మము

వేట విరామకాలమున కాకినాడ జగన్నాథపురము వంతెనపై నిలిచి చూచువారికి, ఉప్పుటేటిలో వరుసగా కట్టివేసిన మరపడవలును, గట్టుమీద కూర్చుండి కాలిబొటనవ్రేలికి వల తగిలించుకొని తెగిన కన్నులను నైలాను దారముతో అల్లుకొనుచున్న మత్స్యకారులును కనిపింతురు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేప గుడ్లుపెట్టు కాలమని, తూర్పుతీరమంతట ఇంజనుగల పడవలకు 61 దినములు వేట నిషిద్ధము.

ప్రాణిహింసచే బ్రతుకువానికి ధర్మము కలదా యను ప్రశ్న ప్రాచీనమైనది. మిథిలానగరపు మాంసపు అంగడిలో ధర్మవ్యాధునిచేత కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మము చెప్పించి మహాభారతము దానిని ఏనాడో తీర్చివేసినది. వ్యాసుని కన్నతల్లి దాశరాజు ఇంట పెరిగి యమునలో పడవ నడపిన సత్యవతియే గదా! జాలరివృత్తి హీనమనువారు తమ మాటకు శాస్త్రమును సాక్షిగా పిలువకుండుట మేలు.

తీరని ప్రశ్న మరియొకటి కలదు. నిగ్రహము, అపరిగ్రహము అను ధర్మములను ఎవనికి బోధింపవలెను? ఉప్పాడలో తెల్లవారుజామున ఒడ్డు చేరిన పడవలోని కానాగంతలకు ధర నిర్ణయించువాడు తరచుగా పట్టినవాడు కాడు, పెట్టుబడికి ముందుగా అప్పిచ్చిన షావుకారు. అమ్మకపు సొమ్ములో డీజిలు, మంచు ఖర్చులు పోగా, పడవకును వలకును వాటాలు తీయగా మిగిలినదే మనుష్యులు పంచుకొందురు. ఏటేట ఆ ఊరినే సముద్రము కోసికొనిపోవుచున్నది. తుపాను వెలసినపుడు, మునిగిన గుడులలోని, ఇండ్లలోని బంగారు నలుసులు దొరకునేమోయని ఆడువారును పిల్లలును ఇసుక జల్లించుట అక్కడ వింత కాదు. అట్టి ఊరి జాలరికి అపరిగ్రహము బోధించుటకు నాకు నోరు రాదు.

భాగవతమున సత్యవ్రతుడు కృతమాలానదిలో తర్పణము చేయుచుండగా దోసిట బడిన చేపపిల్ల తన జాతిలోని పెద్దచేపలకు వెరచి, ఆ రాజునే శరణు వేడినది. రాజదండము లేనిచోట నడచు దానినే మన పెద్దలు మత్స్యన్యాయమనిరి. నేడు తీరమునుండి 8 కిలోమీటర్ల మేర చిన్నపడవలదని 1994 నాటి రాష్ట్రచట్టము చెప్పుచున్నను, ఆ హద్దులోనికే మరపడవలు చొచ్చి సన్నకన్నుల వలలు ఈడ్చుచున్నవని తెప్పలవారి చిరకాలపు మొర. ఆ మొర తీరనిచోట పేదవాడు పేదవానిపైననే పడును: 2022 జనవరిలో విశాఖపట్నమున రింగువలల తగవులో జాలరులే జాలరుల పడవలకు నిప్పుపెట్టిరి.

విరామకాలపు భృతి 2025లో కుటుంబమునకు 20,000 రూపాయలైనది. దినమునకు 328 రూపాయలన్నమాట. అది ముందటికన్న రెట్టింపనుట నిజమే. దానితో అయిదుగురున్న ఇల్లు గడపిచూచినవాడే మిగిలినది చెప్పవలెను.

చేపజాతి నిలువవలెనన్న నిగ్రహము తప్పదు, నిషేధమును నేను కాదనను. కాని ఆ 61 దినములను ఎంత కఠినముగా పాటింపజేయుచున్నారో, 8 కిలోమీటర్ల హద్దును ఏడాది పొడుగున అంత కఠినముగా ప్రభుత్వము పాటింపజేయవలెను. భృతియు నిషేధము మొదలైన నాడే మత్స్యకారుని చేతికందవలెను.