ఎవరి కోసం తీయించుకుంది?

గర్భస్రావానికి మన వాడుకలో ఒక్క పేరు లేదు. ఆ స్త్రీ ఎవరన్నదాన్ని బట్టి మాట మారుతుంది. ఇద్దరు పిల్లల తల్లి భర్తతో కలిసి వెళ్తే “కడుపు తీయించుకుంది పాపం, ఒళ్ళు జాగ్రత్త” అంటారు. పెళ్ళికాని పిల్ల వెళ్తే “కడిగించుకొచ్చిందట” అని గొంతు తగ్గిస్తారు. పెళ్ళయినామె తన చదువు కోసం తనంతట తాను వెళ్తే “పసిగుడ్డును చంపుకుంది” అంటారు. ముగ్గురికీ నెలలు ఒకటే కావచ్చు, వేసుకున్న మాత్రలూ ఒకటే కావచ్చు.

పిండం కూడా ప్రాణమే, ఏ కారణంతోనూ తీయకూడదని నిజంగా నమ్మేవాళ్ళున్నారు. వాళ్ళతో నేను విభేదిస్తాను గానీ, వాళ్ళ తూకం కనీసం అందరికీ ఒకటే. మన చుట్టూ వినిపించే అభిప్రాయానికి ఆ నిలకడ లేదు. సంసారం కోసం తీయించుకుంటే బాధ్యత, తన కోసం తీయించుకుంటే పాపం. పిండం పేరు చెప్పి ఇక్కడ తీర్పు చెబుతున్నది స్త్రీ నడవడి మీద.

చట్టం కూడా ఈ గాలి పీల్చే పుట్టింది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం గర్భనిరోధక సాధనం విఫలమవడాన్ని ఒక కారణంగా ఒప్పుకుంది. అయితే “వివాహిత లేక ఆమె భర్త”, అదీ పిల్లల సంఖ్యను పరిమితం చేసుకోవడానికి వాడినదైతేనే. భర్త స్థానంలో “భాగస్వామి” అన్న మాట రావడానికి 2021 సవరణ దాకా యాభై ఏళ్ళు పట్టింది. 24 వారాల వరకు లభించే వెసులుబాటు అవివాహితలకూ వర్తిస్తుందని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఈనాటికీ కోరడం స్త్రీ వంతు, ఒప్పుకోవడం డాక్టరు వంతు.

మేజరైన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలని చట్టం మొదటినుంచీ చెబుతోంది. అయినా నాకు తెలిసిన ఒకామెను ఒక ఆస్పత్రిలో “మీవారి సంతకం ఏదమ్మా?” అని అడిగి వెనక్కి పంపారు. ఆమె ఉద్యోగస్తురాలు, ముప్ఫై దాటిన మనిషి. అడిగిన నర్సుకు ఆమె మీద కోపం లేదు. గర్భం ఇంటి ఆస్తి, దాని మీద ఇంటి యజమాని సంతకం ఉండాలి, అంతే!

మరి ఆడపిల్లని తెలుసుకుని తీయించే గర్భస్రావాల సంగతేమిటని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. 2011 జనాభా లెక్కల్లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 919 మందే. కానీ అక్కడా జరిగేది ఇదే. కొడుకు కావాలన్న ఇంటి ఇష్టం కోసం ఆమె కడుపును వాడుకుంటున్నారు. అందుకే 1994 చట్టం లింగనిర్ధారణను నిషేధించింది గానీ గర్భస్రావాన్ని కాదు. ఈ తేడాను మన గోడరాతలు చెరిపేశాయి. “భ్రూణహత్య” అన్న మాటను మన ఉద్యమాలూ వాడాయి. పిండం తీయడం హత్య అయితే, తీయించుకున్న ప్రతి స్త్రీ హంతకే అవుతుంది కదా? ఆడపిల్లల కోసం ఎత్తిన మాట ఆడవాళ్ళ మీదే పడుతోంది.

ఆ మాటకు బదులు “లింగ ఎంపిక” అందాం. చప్పగా ఉండవచ్చు, కానీ నేరం ఎక్కడుందో సరిగ్గా చూపిస్తుంది. ఇక, తన కోసం తీయించుకున్న స్త్రీ గురించి చెప్పడానికి, గొంతు తగ్గించనక్కర్లేని ఒక మాట తెలుగులో ఇంకా పుట్టాలి.