భయం రెండో మనిషి వల్లనేనా?

డాఫ్నీ డ్యూ మారియే 1938లో రాసిన ‘రెబెకా’ నవలను డిగ్రీ చదివే రోజుల్లో కావలి జవహర్ భారతి కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివాను. అందులో కథ చెప్పే అమ్మాయికి పేరు లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికినా దొరకదు. డబ్బున్న ఒక పెద్దావిడకు తోడుగా జీతానికి కుదిరిన పిల్ల. భార్య పోయిన ఒక ఆస్తిపరుణ్ని పెళ్లాడి మాండర్లీ అనే పెద్ద బంగళాకు కాపురానికొస్తుంది. అక్కడ ఏ గదిలో చూసినా చనిపోయిన మొదటి భార్య గుర్తులే. ఈ పిల్ల ఎంత బెరుకుదంటే, ఒకరోజు చెయ్యి తగిలి పింగాణీ బొమ్మ పగిలితే ముక్కలన్నీ ఏరి సొరుగు లోపలికి తోసి దాచేస్తుంది. ఆ ఇంటికి యజమానురాలు తానే. అయినా నింద పనివాడి మీద పడిందాకా నోరు తెరవదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ సొరుగు దగ్గర ఆగిపోయి చాలాసేపు ముందుకు చదవలేకపోయాను. అంతకు ముందు నేను చదివిన డిటెక్టివ్ నవలల్లో, కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ పుస్తకాలతో సహా, చిక్కుముడి విప్పేది మగవాళ్లే. ఆడపిల్లకు ఆపదలో పడటమే పని. ఇందులో మాత్రం మనం చూసేదంతా ఆ బెరుకు పిల్ల కళ్లతోనే.

ఇంతకీ ఆ పిల్లకు ధైర్యం ఎప్పుడొస్తుంది? మొదటి భార్యను చంపింది తానేనని భర్త ఒప్పుకున్న రాత్రి వస్తుంది. ఆయన ఆమెను ఎన్నడూ ప్రేమించలేదని తెలిసిన మరుక్షణం ఈమె గుండెల మీద బరువు దిగిపోతుంది. తెల్లారేసరికి, అన్నాళ్లూ తనను గడగడలాడించిన హౌస్‌కీపర్‌కు ఆ పూట వంటలో ఏమేం మార్చాలో చెబుతుంది. అక్కడ చదివేవాళ్లంతా సంతోషిస్తారు, నేనూ సంతోషించాను. కానీ ఆ ధైర్యంతో ఆమె చేసిన మొదటి పని భర్త నేరాన్ని కప్పిపుచ్చడంలో తోడు నిలవడం. అదీ ధైర్యమేనా? శాస్త్రాలు పొగిడే అభయం అదేనా? ముప్పై ఏళ్లకు పైగా నన్ను వదలని ప్రశ్న ఇది.

భగవద్గీత పదహారో అధ్యాయంలో దైవీ సంపదను వరసగా చెబుతారు. మొట్టమొదట అభయం. దాన్ని ఆనుకునే చిత్తశుద్ధి. ఆ తర్వాత శ్లోకంలో మెత్తదనమూ, సిగ్గూ వస్తాయి. ఇక్కడ సిగ్గంటే చెయ్యకూడని పని చెయ్యడానికి మనసు ఒప్పకపోవడం. ఒకే వరసలో అభయమూ ఉంది, సిగ్గూ ఉంది. మొదటిది రావాలంటే రెండోది పోవాలని అక్కడ ఎవరూ అనలేదు. మనం ఆడపిల్లలకు చెప్పేది దీనికి పూర్తిగా విరుద్ధం. చిన్నప్పుడు “సిగ్గు లేదా, అట్ట మాట్లాడతావు” అంటాం. పెద్దయ్యాక “ఆ సిగ్గు వదిలితేగాని బతకలేవు” అంటాం. మాండర్లీ పిల్లకు భయంతో పాటు ఆ సిగ్గు కూడా పోయింది. అందుకే ఆ ధైర్యాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకోలేను.

భయం ఎలా పోతుందో బృహదారణ్యకోపనిషత్తు ఇంకోలా చెబుతుంది. సృష్టి మొదట్లో ప్రజాపతి ఒక్కడే ఉన్నాడు. భయపడ్డాడు. తర్వాత ఆలోచించాడు: నేను తప్ప ఇక్కడ ఎవరూ లేరు కదా, మరి దేనికి భయపడుతున్నాను? ఆ ఆలోచనతోనే భయం పోయింది. రెండోది ఉంటేనే భయం అని ఉపనిషత్తు తేల్చింది. చీకట్లో తాడును చూసి పామనుకున్నవాడికి దీపం చూపిస్తే భయం పోతుందని వేదాంతులు చెప్పేదీ ఇదే దారి. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. కానీ దీపం తెచ్చి చూస్తే అది తాడు కాకుండా నిజంగా పామే అయితే ఏం చెయ్యాలి? అపరాధ పరిశోధన నవల బలం అక్కడే ఉంది. అందులో పాము నిజం. వెతికేకొద్దీ భయం తగ్గదు, పెరుగుతుంది.

మా నెల్లూరు సాహిత్యంలో అలాంటి కథ ఒకటి ఏడొందల ఏళ్లకు ముందే ఉంది. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, భారతాన్ని తెలుగు చెయ్యడానికి పూనుకున్నప్పుడు మొదలుపెట్టింది విరాటపర్వంతో. అందరూ మారుపేర్లతో దాక్కున్న కథ అది. ఒక హత్య జరుగుతుంది, చంపిందెవరో ఊరికి తెలియదు, గంధర్వులని చెప్పుకుంటారు. ఆ హత్యకు ముందు జరిగింది నేను పదేపదే చదివాను. రాణి సుదేష్ణ, సైరంధ్రి పేరుతో దాక్కున్న ద్రౌపదిని పిలిచి, తన తమ్ముడు కీచకుడి ఇంటికి వెళ్లి మద్యం తెమ్మంటుంది. పంపేది ఆడది, వెళ్లేది ఆడది, ఎందుకు పంపుతున్నదో ఇద్దరికీ తెలుసు. ద్రౌపది పిరికిది కాదు. అయినా ఆ దారిలో సూర్యుణ్ని వేడుకుంటూ నడిచింది. నిండు సభలో కీచకుడు తన్నినప్పుడు అక్కడే ఉన్న ధర్మరాజు, బయటపడకుండా ఉండటానికి, లోపలికి వెళ్లమన్నాడు. కట్టుకున్నవాళ్లు ఎదురుగా ఉన్నా ఆమె ఒంటరిదే. ఆ రాత్రి వంటశాలకు పోయి భీముణ్ని తట్టి లేపింది. నాకు ద్రౌపది ధైర్యం సభలో అడిగిన మాటల్లో కంటే ఆ చీకట్లో వంటశాల దాకా వేసిన అడుగుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరిని లేపాలో ఆమెకు తెలుసు.

మద్యం కోసం ఆడదాన్ని పంపడం మా తీరంలో కొత్త సంగతేం కాదు. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగుతోంది. రామతీర్థానికి కొంచెం ఎగువన ఉన్న ఒక పాళెంలో రాత్రిబడికి నేను వాలంటీరుగా పోయేదాన్ని. నెత్తళ్లు ఎండబోసి, గంపలు కడిగి, పిల్లలకు అన్నాలు పెట్టి, ఆడవాళ్లు లాంతరు చుట్టూ కూర్చునేసరికి ఏ తొమ్మిదో అయ్యేది. చేతులకు ఉప్పు పట్టి పగిలి ఉండేవి. బలపం పట్టుకుంటే ఆ పగుళ్లలోకి సుద్దపొడి దూరేది. అందరికంటే వెనక, తాటాకు దడికి ఆనుకుని ఒక పిల్ల కూర్చునేది. పెళ్లయి ఏడాది కాలేదు. పేరు అడిగితే పక్కామె చెప్పాల్సిందే. తలెత్తి చూడగా నేనెప్పుడూ చూడలేదు.

మా జిల్లాలోనే, సముద్రానికి దూరంగా మెట్ట ప్రాంతంలో, కలిగిరి దగ్గర దూబగుంట ఉంది. ఆ ఊరి ఆడవాళ్లు ఒక్కటై సారా అంగడి మూయించిన సంగతి మా వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై వచ్చింది. వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా తెలిసింది గాని, మా పాళెంలో ఆ పాఠం చదివిన రాత్రి మాకు తెలిసింది ఊరిపేరొక్కటే. పాఠం అయిపోయాక ఎవరూ ఏమీ అనలేదు. పుస్తకంలో రాసినవన్నీ మన దగ్గర జరుగుతాయా అన్నట్టు మొహాలు పెట్టుకుని లేచిపోయారు.

నాలుగైదు రోజుల తర్వాత ఆ వెనక పిల్ల, అందరూ వెళ్లిందాకా ఆగి, నా కొంగు పట్టుకుని లాగింది. వాళ్లింటి వెనక్కి తీసుకుపోయింది. గోడ మీద బొగ్గుతో నిలువు గీతలు. ఐదేసి గీతలకు ఒక అడ్డగీత, నేను లెక్కలకు నేర్పిన పద్ధతే. తెల్లారి నీళ్లకు పోయేటప్పుడు ఇసకలో పడి ఉన్న ఖాళీ సారా ప్యాకెట్లను రోజూ లెక్కపెట్టి గోడకెక్కించింది. తల వంచుకుని నడిచే పిల్ల కాబట్టే నేల మీద ఏముందో చూసింది. పాళెంలో మగవాళ్లు ఎంతమందో, వేటకు పోయిన రోజులెన్నో, ఆడవాళ్లు చేపలమ్మి తెచ్చిన డబ్బెంతో ఆమెకు తెలుసు. “ఇన్ని తాగితే, అక్కా, ఇంటికి తెచ్చేదానికి ఏం మిగిలుంటది? మరి మా ఆయన అప్పు తెచ్చినాడంటే యాడ తెచ్చినాడు?” అంది. గుసగుసగానే అంది. ఆ అప్పు సంగతి తేలేసరికి వారం పట్టింది. వలల పెట్టుబడి పేరు చెప్పి సారా బాకీలనే అప్పుగా రాయించుకున్నారు, కాగితం మీద వేలిముద్ర వేసింది వాళ్లత్త. ఆ గోడ అబద్ధం చెప్పలేదు.

నేను మర్చిపోలేనిది ఆ తర్వాత జరిగింది. మా పాళేల్లో కాపులు, అంటే ఊరిపెద్దలు, కూర్చుని ఊరికి దురాయి, అంటే కట్టుబాటు, పెడతారు, ఆ కూటంలో ఆడవాళ్లకు చోటు లేదు. ఆ పిల్ల అక్కడికి పోయి మాట్లాడిందని రాస్తే కథ బాగుండేది. ఆమె మాట్లాడలేదు. గోడ మీది గీతల్ని ముందు పక్కింటామెకు చూపించింది. ఆమె ఇంకొకామెకు చూపించింది. సాయంత్రానికి ఆ దొడ్లో కాలు పెట్టే సందు లేదు. మర్నాడు కూటం జరిగే చోటుకు ఆడవాళ్లంతా గంపలతో సహా వచ్చి నిలబడ్డారు. లెక్క అడిగింది గట్టిగొంతున్న ఒక పెద్దామె. ఆ పిల్ల ఆమె వెనకే నిలబడి, అంకె తప్పినప్పుడల్లా వీపు మీద వేలితో పొడిచి సరిచెప్పింది. ఆ పిల్ల కాళ్లు వణకడం నేను చూశాను. భయం పోలేదు. పాము నిజమైనప్పుడు భయం ఎట్లా పోతుంది? ఆమె మాత్రం కదలకుండా నిలబడింది.

1992లో ఇలాంటి ఊళ్లు జిల్లా అంతటా లేచాయి, సారా వేలంపాటలు ఆపించే దాకా వెళ్లాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది, 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ చరిత్ర అందరికీ తెలిసిందే. నాకు కావలసింది ఆ దొడ్లో జరిగింది.

రెండో మనిషి వల్లే భయం అన్నది ఉపనిషత్తు. ఆ పిల్లకు రెండో మనిషి వల్లే ధైర్యం వచ్చింది. ఇంత తేడా ఎలా వచ్చిందని మథనపడి మళ్లీ పుస్తకం తీశాను. భయం పోయిన ఆ ప్రజాపతికి వెంటనే ఇంకొకటి తెలిసిందని ఆ తర్వాతి వాక్యంలోనే ఉంది. ఒంటరివాడికి సంతోషం లేదు. అందుకే రెండో మనిషి కావాలనుకున్నాడు. ఎన్నిసార్లు ఉపన్యాసాల్లో విన్నానో ఆ ఘట్టం! భయం దగ్గర ఆపేసేవాళ్లు, ఈ మాట దాకా వచ్చేవాళ్లు కారు. పరాయిదిగా తోచే రెండోదే భయపెడుతుంది. బొగ్గుగీతలు చూసి తన ఇంటి లెక్క కూడా ఇదేనని గుర్తుపట్టిన పక్కింటామె పరాయిది కాదు. అద్వైతం పేరెత్తకుండానే ఆ దొడ్లో ఆడవాళ్లు దాన్ని కాసేపు బతికి చూపించారని నేను నమ్ముతాను. పండితులు ఒప్పుకోకపోవచ్చు.

మాండర్లీ పిల్లకు ఆ పక్కింటామె లేదు. ఆ బంగళాలో పెత్తనం చేసే ఆడదంటే శత్రువైన హౌస్‌కీపరే. మిగిలిన ఒక్క తోడూ భర్త, ఆ తోడు కోసం ఆమె నిజాన్ని వదులుకుంది. సుదేష్ణ ఒక్కమాటు సైరంధ్రి పక్షాన నిలబడి ఉంటే కీచకుడి కథ మరోలా నడిచేదేమో.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గాలో మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండగకు నేను పోతుంటాను. మొక్కు తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె. తీసుకోవాలంటే నీళ్లలో దిగి, ముక్కూమొహం తెలియని మనిషితో తన కోరిక పైకి చెప్పాలి. ఇంట్లో మొగుడికి కూడా చెప్పుకోలేని మాటను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పే ఆడపిల్లల్ని అక్కడ చూశాను. బురఖా వేసుకున్నామె బొట్టు పెట్టుకున్నామెకు రొట్టె తుంచి ఇస్తూ “నాకూ ఇట్టే ఉండేది మా, ఏం కాదు” అనడం విన్నాను. కోరిక తీర్చేది దేవుడనే నా నమ్మకం. చెప్పుకోగలిగే ధైర్యం మాత్రం నీళ్లలో ఎదురుగా నిలబడ్డ ఆ మనిషి దగ్గరే అందుతున్నది.

అదే ఉపనిషత్తులో ఉన్న గార్గి సంగతి వదిలేస్తే ఈ వ్యాసం అసంపూర్తి. జనకుడి సభలో ఆమె యాజ్ఞవల్క్యుణ్ని ప్రశ్న మీద ప్రశ్న అడుగుతూ పోయింది. ఇంకా అడిగితే తల రాలిపోతుందని ఆయన హెచ్చరించగానే ఆగిపోయింది. ఆగిపోవడాన్ని చాలామంది ఓటమిగా చెబుతారు. ఇంకొకరి వంతు అయ్యాక ఆమె మళ్లీ లేచి, సభలోని బ్రాహ్మణుల అనుమతి అడిగి, ఇంకో రెండు ప్రశ్నలు వేసింది. ఈసారి జవాబు వచ్చింది. నోరు మూయించాక మళ్లీ లేవడానికి ఎంత గుండె కావాలో నోరు మూయించబడ్డవాళ్లకే తెలుస్తుంది. ఆ రెండు ఘట్టాల మధ్య గార్గి ఎవరి పక్కన కూర్చుందో, ఎవరైనా ఆమె చెయ్యి పట్టుకున్నారో ఉపనిషత్తు చెప్పదు. నాకు అదే తెలుసుకోవాలని ఉంటుంది.

మా పాళెం పిల్ల ఇప్పుడు నాయనమ్మ. సారా ఉద్యమం వెనకే మా జిల్లాలో ఆడవాళ్ల పొదుపు పథకం పొదుపు లక్ష్మి మొదలైంది, అప్పటినుంచీ ఆమె పొదుపు సంఘంలో ఉంది. ఏ సభలోనూ లేచి మాట్లాడదు, ఇప్పటికీ వెనక వరసే. మొన్నా మధ్య సంఘం మీటింగుకు నేనూ పోయాను. బ్యాంకు నుంచి వచ్చినాయన వడ్డీ లెక్క చదువుతుంటే ఆమె పక్కనున్న కోడలి చెవిలో ఏదో చెప్పింది. కోడలు లేచి, “సార్, ఆ మూడో నెలది ఇంకోమాటు చదవండి” అంది.