నాన్న ఫోనుకొచ్చే చలానాలు

ఆగు నాయనా, బండి తర్వాత స్టార్ట్ చేద్దువుగానీ. చలానాలు అలాగే పడి ఉన్నాయట కదా. కట్టరా అంటే "డిస్కౌంట్ ఇస్తారులే తాతయ్యా, అప్పుడు చూద్దాం" అంటున్నావట.

ఇచ్చారు, కాదనను. తెలంగాణలో 2022లో బైకుల చలానాల మీద 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబరులో 80 శాతం. నా మట్టుకు నాకు ఆ రాయితీలే నచ్చలేదు. వేళకు కట్టినవాణ్ణి వెర్రివాణ్ణి చేశాయి, నీలాంటివాడికి ఎదురుచూడటం నేర్పాయి. మళ్లీ ఎప్పుడిస్తారో, అసలిస్తారో లేదో! ఈలోగా ఆ చలానాలు రాత్రి తోమకుండా వదిలేసిన అంట్లలా పేరుకుని కూర్చుంటాయి. కట్టకుండా నాన్చితే వ్యవహారం కోర్టుదాకా పోతుంది. అయినా డబ్బు సంగతి కాదు నేను చెప్పేది. బండి ఎవరి పేరున ఉంది? మీ నాన్న పేరున. సిగ్నల్ దాటింది నువ్వు, ఫోటోలో ఉన్నది నువ్వు, మెసేజ్ వచ్చేది ఆయన ఫోనుకి. కోర్టు నోటీసు వచ్చినా ముందు ఆయన పేరుకే వస్తుంది. ఆ మనిషి జన్మలో రెడ్ లైటు దాటి ఎరుగడు.

ఇంకో మాట. పోలీసు ఆపితే "ఆపడానికి నువ్వెవరు" అని ఫోను తీసి వీడియో మొదలెట్టకు. యూనిఫాంలో ఉన్నవాడు ఆపమంటే ఆపాలి, కాగితాలు అడిగితే చూపాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది ఆ మాట. డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది. లైసెన్సూ రిజిస్ట్రేషనూ లేకుండా దొరికితే బండినే పట్టుకుపోయే అధికారం వాళ్లకుంది. అలాగని భయపడి చేతిలో నోటు పెట్టకు, రసీదు లేనిదే రూపాయి ఇవ్వకు. జరిమానా అక్కడే కట్టేశావంటే తప్పు ఒప్పుకుని రాజీపడ్డట్టు. తప్పు చేయలేదనుకుంటే కోర్టులోనే చెప్పుకుంటానని మర్యాదగా అను. అది నీ హక్కు. కెమెరా చలానా అయితే ముందు ఫోటో చూడు. ఒక్కోసారి ఎవరి బండి నంబరో నీదనుకుని వేస్తారు. అప్పుడు ఫిర్యాదు పెట్టు. కట్టు, లేదా కాదని చెప్పు. రెండూ చేయకుండా కూర్చోవద్దనే నేననేది.

మీ స్నేహితుడెవరో నంబరు ప్లేటు వంచేశాడట, గొప్పగా చెప్పుకుంటున్నాడట! హైదరాబాదులో అలాంటివాళ్ల మీద చీటింగ్ కేసులే పెట్టారు. వందల్లో పోయేదాన్ని క్రిమినల్ కేసు చేసుకుని, రేపు పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి పోలీసు ఇంటికొస్తే ఏం చెప్తాడు? వాడి బండి ఎక్కకు.

బండి అమ్మేస్తే పీడ పోతుందనుకుంటున్నావేమో. కొనేవాడు ముందు చూసేది ఆ చలానాలే. పేరు మార్చకుండా ఇచ్చేశావో, వాడు చేసే తప్పులు కూడా మీ నాన్న ఫోనుకే వస్తాయి.

అన్నట్టు, మీ తమ్ముడు. టెన్త్ చదివేవాడు పాలప్యాకెట్ వంకతో మొన్న బండి తీశాడు, నేను చూశాను. నవ్వకు. 2019లో చట్టం మార్చారు. పద్దెనిమిది నిండనివాడు బండి నడిపితే అమ్మానాన్నలకో బండి యజమానికో 25,000 జరిమానా, మూడేళ్లదాకా జైలు. ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు. వాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. తాళాలు ఇంటికి రాగానే టీవీ మీద పడేస్తావు కదూ, ఇకనుంచి నీ జేబులో పెట్టుకో. సాయంత్రం మీ నాన్న పక్కన కూర్చుని బండి నంబరు కొట్టి ఎన్ని చలానాలు ఉన్నాయో చూడు, ఆయన అడగకముందే.