మనము ఎక్కడి కాపురస్థులము?

ధ్యాన భాగములు: మత్తయి 17:24–27, లూకా 2:1–7



భద్రాచలము పట్టణములో కాపురమున్నవారు తెలంగాణవారు. పట్టణపు చివరి ఇండ్లు దాటి ఎటపాకలో అడుగుపెట్టిన యెడల అది ఆంధ్రప్రదేశ్. నడుమ నదియైనను కొండయైనను లేదు. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము పార్లమెంటు చట్టము చేసి, భద్రాచలము పట్టణమును మాత్రము మినహాయించి, చుట్టునున్న మండలములను ఖమ్మము జిల్లానుండి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపెను. అప్పటినుండి ఒక రాష్ట్రములో నిద్రలేచి, రెండవ రాష్ట్రములో పనిచేసి, సాయంకాలము తిరిగి ఇల్లు చేరువారు మన మధ్య అనేకులున్నారు. వారు మనలను అడుగు ప్రశ్న ఒకటి గలదు: మేము ఎక్కడివారము? పన్ను ఎవరికి అచ్చియున్నాము?

ఈ ప్రశ్న మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1860లో ఈ తాలూకా నిజామునుండి ఆంగ్లేయుల చేతికి వచ్చెను. 1874లో మధ్యరాష్ట్రములనుండి గోదావరి జిల్లాకు మారెను. 1959లో తూర్పు గోదావరినుండి ఖమ్మమునకు వచ్చెను. 2014లో మరల చీలెను. ఇల్లు కదలలేదు, పొలము కదలలేదు. ఎల్ల మాత్రము కదలుచు వచ్చినది.

చట్టము చెప్పు జవాబు మొదట విందము. మన దేశములో జీతముమీది ఆదాయపు పన్ను కేంద్ర ప్రభుత్వమునకు చెందినది. గనుక గోదావరికి ఏ ప్రక్కనున్నను దాని లెక్క ఒక్కటే. రాష్ట్రమునకు చెందునది వృత్తిపన్ను. అది సంవత్సరమునకు 2500 రూపాయలు మించకూడదని రాజ్యాంగమే హద్దు పెట్టినది. ఈ పన్ను పని చేయు చోటును అనుసరించును. ఎటపాకలో పండుకొని భద్రాచలములో కొలువు చేయువాని జీతమునుండి అది తెలంగాణకు చేరును. వస్తువులమీది పన్నులో రాష్ట్రపు వంతు, 2017నుండి, ఆ వస్తువును వాడుకొనిన రాష్ట్రమునకు పోవును. విదేశములలోనున్న మన బిడ్డల విషయమైతే, సంవత్సరములో 182 దినములు ఇక్కడ గడపినవానిని చట్టము నివాసిగా ఎంచును. నివాసి తన లోకమంతటి సంపాదన చూపవలెను. ప్రవాసి ఇక్కడి సంపాదన చూపిన చాలును.

అమెరికాలో రాష్ట్రములును ఆదాయపు పన్ను తీసికొనును. న్యూజెర్సీలో కాపురముండి న్యూయార్కులో ఉద్యోగము చేయు తెలుగువాడు న్యూయార్కుకు పరవాసిగా ఒక లెక్కయు, న్యూజెర్సీకి నివాసిగా మరియొక లెక్కయు అప్పగించును. అక్కడ కట్టినదానికి ఇక్కడ తగ్గింపు దొరకును. టెక్సాసులోనైతే రాష్ట్రపు ఆదాయపు పన్నే లేదు. అటువంటి చోటికి నిజముగా కాపురము మార్చుట పాపము కాదు. కాపురము ఒకచోట నుంచుకొని, చిరునామా మాత్రము మరియొకచోట నుంచుట పాపము.

ఇక్కడనే చట్టపు ప్రశ్న మనస్సాక్షి ప్రశ్నగా మారుచున్నది. చట్టము దినములు లెక్కించును. మనస్సాక్షి వేరొక మాట అడుగును: పుచ్చుకొనునప్పుడు నీవు ఏ ఊరివాడవని చెప్పితివో, ఇచ్చునప్పుడును ఆ ఊరివాడవేనా? బియ్యపు కార్డు కొరకు ఒక చిరునామా, బండి పన్ను తగ్గుటకు బావమరిది చిరునామా, అబ్బాయి కాలేజీ సీటు కొరకు మరియొకటి, ఎన్నికల నాడు ఇంకొకటి. ఇట్టి ఇల్లు మన సంఘములలో లేదని చెప్పగలమా? ప్రతి కాగితము వేరువేరుగా చూచిన చిన్న సంగతివలె కనబడును. అన్నిటిని ఒక బల్లమీద పరచినప్పుడు, ఆ మనుష్యుడు ఎక్కడను లేడు.

కపెర్నహూములో మన ప్రభువు చేసినది చూడుడి. ఆలయపు అరషెకెలు వసూలు చేయువారు పేతురునొద్దకు వచ్చిరి. రాజుల కుమారులు తమ తండ్రికి పన్ను కట్టనక్కరలేదని ప్రభువు పేతురుకు తేటగా బోధించెను. కట్టనవసరము లేని హక్కు ఆయనకు నిజముగా ఉండెను. ఆ హక్కును ఆయన దాచలేదు. అయినను వారికి అభ్యంతరము కలుగకుండునట్లు, చేప నోటినుండి దొరకిన నాణెముతో తన వంతును పేతురు వంతును చెల్లింపజేసెను. హక్కు లేనివాడు హక్కు నటించుట ఒకటి. హక్కుగలవాడు పొరుగువాని నిమిత్తము దానిని విడుచుట మరియొకటి. మనలో మొదటిది విస్తారము, రెండవది కరవు.

కొందరు ఇట్లనవచ్చును: మనము కట్టిన పన్ను రోడ్డుగా మారుట లేదు, వాగుమీద వంతెనగా మారుట లేదు, ఎందుకు కట్టవలెను? పౌలు రోమీయులకు పన్నునుగూర్చి వ్రాసినప్పుడు సింహాసనముమీద నున్నవాడు నీరో. పాలకుని మంచితనమును చూచి అపొస్తలుడు ఆ మాట వ్రాయలేదు.

అయితే పన్నులన్నియు న్యాయమైనవని సంఘము చెప్పకూడదు. 1879లో రంప పితూరీకి ఒక కారణము, కొండజనులు తమ ఇంటివాడుకకు గీసికొను కల్లుమీద వేసిన చిగురుపన్ను. ఆ పితూరీ రేకపల్లి వరకు ప్రాకెను. నియమించినదానికంటె ఎక్కువ తీసికొనవద్దని బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులకు బోధించెను. ఇచ్చువాడు అబద్ధమాడకూడదన్న దేవుడే, తీసికొనువాడు దోచుకొనకూడదనియు చెప్పియున్నాడు. పన్ను అన్యాయమైనయెడల బహిరంగముగా ఎదురు చెప్పుదము. దొంగ చిరునామా వెనుక దాగవద్దు.

ఈ ప్రశ్నకు మరియొక ముఖము గలదు. దానిని చూడక ముగించుట న్యాయము కాదు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని కల్లోలమునకు పారిపోయి వచ్చిన గుత్తికోయలు మన అడవులలో గుడిసెలు వేసికొనిరి. అటవీ హక్కుల చట్టము 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమిలో నున్నవారినే లెక్కించును. తరువాత వచ్చినవారికి పట్టా లేదు. వారు మన మిరపచేలలో కూలి చేయుచున్నారు. సంతలో వారు కొను సబ్బుబిళ్ల ధరలోను పన్ను గలదు. అనగా ఇచ్చుటకు వారు నివాసులు, పుచ్చుకొనుటకు పరవాసులు. మనలో కొందరు చేయు మోసమునకు ఇది సరిగా తలక్రిందైన రూపము. మనము ఇచ్చునప్పుడు తప్పించుకొనుచున్నాము. వారు పుచ్చుకొనునప్పుడు త్రోసివేయబడుచున్నారు.

యోసేపు నజరేతులో కాపురముండెను; అయినను జనసంఖ్యలో వ్రాయబడుటకు బేత్లెహేమునకు పోవలసివచ్చెను. గర్భవతియైన మరియతో అంత దూరము నడచుట ఎంత కష్టము! అయినను అతడు తప్పు పేరు వ్రాయించలేదు. పన్నుకొరకు ఆ ఊరి పుస్తకములో అతనికి చోటు దొరకెను. సత్రములో మాత్రము చోటు దొరకలేదు. లెక్కలో చేర్చుకొని ఇంటిలో చేర్చుకొనని లోకములోనికి మన రక్షకుడు వచ్చెను. అడవిలోని గుడిసెవాడు ఆయనకు ఎంత సమీపస్థుడో ఆలోచింపుడి.

మన పౌరస్థితి పరలోకమందున్నదని ఫిలిప్పీయుల పత్రిక నేర్పుచున్నది. ఆ మాటను భూలోకపు అప్పు ఎగవేయుటకు సాకుగా తీసికొనకూడదు. విశ్వాసులను యాత్రికులని పిలిచిన పేతురే, మనుష్యులు నియమించు ప్రతి కట్టడకు లోబడుడని వెంటనే వ్రాసెను. యాత్రికుడు సత్రమునకు బాకీపడి పోవువాడు కాడు. తిన్నదానికి చెల్లించి, సెలవు తీసికొని పోవువాడు.

కాబట్టి ఈ నెలలో మన ఇంటి కాగితములన్నిటిని ఒకచోట పెట్టుకొని చూచుకొందము: బియ్యపు కార్డు, బండి పుస్తకము, ఓటరు చీటి, జీతపు చీటి, విదేశమునందున్న బిడ్డల లెక్కలు. అవన్నియు ఒకే మనుష్యునిగూర్చి చెప్పుచున్నవా? లేనియెడల సరిచేసికొందము, జక్కయ్య సరిచేసికొన్న దినముననే అతని ఇంటికి రక్షణ వచ్చెను. సరిచేసికొన్న తరువాత, మన పొరుగున పట్టా లేక, పత్రము లేక నున్నవానికొరకు అర్జీ వ్రాయుటకు మన చేతికి ధైర్యము కలుగును.

ప్రార్థన: ప్రభువా, మేము ఎక్కడివారమని అడిగినవారికెల్ల ఒకే జవాబు చెప్పు నాలుకను మాకు దయచేయుము. చోటు లేనివానికి చోటిచ్చు హృదయమును మాకనుగ్రహింపుము. ఆమేన్.