దీపముచుట్టు తిరుగు పురుగు

దీపములో పడి చచ్చు పురుగును చూపి మనము పిల్లలకు చిరకాలముగా ఒక నీతి చెప్పుచు వచ్చితిమి. వెలుగుమీది ఆశయే దానిని చంపినదని మన మాట. వేదములో మనము చదువు చిమ్మెట యీ జాతిదే. అయితే ఆ మాట నిజమా? 2024వ సంవత్సరమున ప్రకటింపబడిన పరిశోధనలో వేరు సంగతి తెలిసినది. రాత్రి ఎగురు పురుగు ఆకాశపు వెలుగువైపు వీపు ఉంచి, దానినిబట్టి పైదేదో క్రిందిదేదో గుర్తించుకొనును. మన దీపము దగ్గర దీపమునే ఆకాశమనుకొని, దానివైపు వీపు త్రిప్పుచు అక్కడనే చిక్కుకొనును. అది ఆశ కాదు, దారి తప్పుట. లేని దోషమును మనము దానిపై మోపితిమి.

గుంటూరు, ప్రకాశము సీమల ప్రత్తి, మిరప చేలలో ఈ జాతిమీది నేరము ఇంకను పెద్దది. శనగపచ్చ పురుగు, లద్దెపురుగు, ప్రత్తికాయలోని గులాబిరంగు పురుగు, ఇవన్నియు చిమ్మెట పిల్లలే. వాటివలన అప్పులపాలైన యింటివారితో వాటిని ప్రేమింపుడని చెప్పుట న్యాయము కాదు. పంటను తిను దానిని చంపవలసినదే. కాని ఎరిగి చంపుట వేరు, ఎరుగక చంపుట వేరు. 1987-88లో ఈ సీమలోనే ప్రత్తికి మందుమీద మందు కొట్టిరి. పురుగును తిని మనకు మేలుచేయు పురుగులును చచ్చెను. తెల్లదోమ విజృంభించెను. పంట పోయి, అప్పు తీర్చలేక అనేకులైన రైతులు ప్రాణములు తీసికొనిరి.

కావున పిల్లలకు చూచుట నేర్పుడి. తొలకరి వానలు పడిన పిమ్మట, వెన్నెల లేని రాత్రి, గోడకు తెల్లని పంచె కట్టి, దాని యెదుట బల్బు వ్రేలాడదీయుడి. ముట్టవద్దు, కొట్టవద్దు, ఎన్ని రకములో లెక్కించుడని చెప్పుడి. బెరడువంటివి, ఎండుటాకువంటివి వచ్చి వ్రాలును. ఒక్కొక్కప్పుడు గన్నేరు చిమ్మెట వచ్చును. దాని రెక్కలు ఆకుపచ్చ పాలరాతివలె నుండును. పశువులకు విషమైన గన్నేరాకు దాని పిల్లకు ఆహారము. అది ప్రత్తిని ముట్టదు, మిరపను ముట్టదు. మునిమాపువేళ పూవుల తేనె త్రాగి బ్రదుకును. ఇట్టివి అనేకములు, పంటకు హాని చేయునవి కొన్నియే.

ఒకని దోషమును వానివారందరిమీద మోపుట యెట్టిదో మన ఊళ్లలో మనకు వేరుగా చెప్పవలెనా? పేట పేరు విని మనిషిని తూచు కన్ను, చిన్నతనమున చిన్న ప్రాణులమీదనే అలవాటుపడును. పంచెమీద ఒక్కొక్కదానిని వేరుగా చూచిన బిడ్డ, రేపు మనిషిని సహితము అట్లే చూడ నేర్చుకొనవచ్చును.

గంటసేపు చూచిన తరువాత దీపము ఆర్పుట మరువకుడి. అవి తమ ఆకాశమును మరల కనుగొని వెళ్లిపోవలెను గదా.